నా వంతు ఉపవాసం

పొద్దున్నే ఖాళీ పాలకేను పట్టుకుని నడిచే మనిషి మా గజపతినగరంలో నేనొక్కదాన్నే అనుకుంటాను. స్టేషన్ రోడ్డు చివరిదాకా వెళ్తాను, వెనక్కి వస్తాను, కేను ఖాళీగానే ఉంటుంది. పాలు మా ఇంటికి ఎప్పుడో వచ్చేసి ఉంటాయి. మరి కేను ఎందుకంటే, ఒక ఆడమనిషి చేతులూపుకుంటూ ఊరికే నడుస్తుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారోనని. ఏమీ అనుకోరని నాకూ తెలుసు. కాలేజీ ఆడపిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని నడుస్తున్నారు, రిటైరైన టీచరమ్మలు తెల్ల బూట్లేసుకుని మరీ నడుస్తున్నారు. వాళ్లని ఎవరూ ఏమీ అనడం లేదు. నాకే, ఇంట్లో అంట్లు అలాగే ఉండగా నా ఒంటి కోసం నేను నడవడమంటే తప్పు పని చేస్తున్నట్టు ఉంటుంది. కేను చేతిలో ఉంటే పని మీద వెళ్తున్నదాన్ని అయిపోతాను.

మాకు బజారులో కిరాణా కొట్టు. బెల్లం, చింతపండు, పప్పులు, నూనెలు. పంటలప్పుడు రైతుల దగ్గర మా ఆయన చోళ్లు, అంటే రాగులు, నువ్వులు కూడా కొంటారు. ఇంట్లో మా ఆయన, మా అత్త, నేను. ఒక్కతే కూతురు, విజయనగరంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. తిండికి లోటు లేదు, పల్లెత్తు మాట అనేవాళ్లు లేరు. అలాంటి ఇంట్లో నేను మంచం పట్టాను. జ్వరం కాదు, నొప్పీ కాదు. తెల్లారితే ఒళ్లు లేచేది కాదు. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు. స్నానం చెయ్యడం కూడా పెద్ద పనైపోయింది. ఉన్నట్టుండి ఏడుపు వచ్చేది, ఎందుకని అడిగితే చెప్పడానికి ఒక్క కష్టమూ లేదు. నాకు అన్నిటికంటే సిగ్గు అదే. కష్టాలున్నవాళ్లు ఏడిస్తే ఒక అర్థం ఉంది, నాకేం రోగం అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. అది నిజంగా రోగమేనని విజయనగరంలో డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తట్టలేదు.

ఆవిడ మాత్రలు రాసింది. వాటితో పాటు కొన్ని నియమాలు కూడా పెట్టింది. పొద్దున్న లేచిన గంటలోపు ఏదో ఒకటి తిని మాత్ర వేసుకోవాలి. కాసేపు నడవాలి. ఒంటికి ఎండ తగలాలి. రోజంతా టీ మీద బతకకూడదు. చోడి జావ, ఆకుకూరలు, పల్లీలు, పండు ఏదైనా ఒకటి తినాలి. రాత్రి రోజూ ఒకే వేళకి పడుకోవాలి. మా ఆయన విని, ఇంతేనా అన్నట్టు మొహం పెట్టారు. మాత్రలు మింగడం తేలికే, ఈ మిగతావే నా ప్రాణం తీశాయి.

ఎండలో కూర్చోవాలంటే డాబా మీద చాప పరిచి గుప్పెడు మిరపకాయలు ఆరబోసుకుని కూర్చునేదాన్ని. అవి ఎప్పుడో ఎండిపోయిన మిరపకాయలు, ఇంకాస్త ఎండితే పొడైపోయేవి. రాత్రి చెప్పిన వేళకే పడుకునేదాన్ని గానీ, మా ఆయన కొట్టు కట్టి వచ్చిన చప్పుడు వినగానే లేచి కూర్చుని అప్పటిదాకా మెలకువగా ఉన్నట్టు చీర కొంగు సర్దుకునేదాన్ని. ఇక చోళ్లు మా ఇంట్లో బస్తాలకొద్దీ అమ్ముడుపోయేవే గానీ, అది పొలాలవాళ్ల తిండి అని మేమెన్నడూ నోట పెట్టలేదు. మా ఆయన పిండి పొట్లం కట్టి తెచ్చి, గిరాకీకి ఇచ్చినట్టే నా చేతిలో పెట్టి, ఇంకా ఏమైనా కావాలా అన్నారు. చాలా రోజుల తర్వాత ఆ రోజు నాకు నవ్వు వచ్చింది.

అన్నిటికంటే కష్టం పొద్దున్నే తినడం. మా అత్త డెబ్బై దాటిన మనిషి. స్నానం, దీపం, తులసికోటకి నీళ్లు అయ్యి, కొడుకు తిని కొట్టుకి వెళ్లాక గానీ ఆవిడ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటినుంచీ ఆవిడ అలవాటు అదే. నేను వచ్చాక నాదీ అదే అయింది. తినొద్దని నాకెవరూ చెప్పలేదు, ఆవిడ తినకుండా తిరుగుతుంటే నాకు తినబుద్ధి కాలేదు. ఇప్పుడు దీపమైనా పెట్టకుండా, ఆవిడ కంటే ముందు, మొగుడి కంటే ముందు, మొహం కడుక్కోగానే నేను తినెయ్యాలి.

కొట్టు సరుకు నిలవుంచే గది ఒకటి మా పెరటివైపు ఉంది. చింతపండు బుట్టల మధ్య నిలబడి గ్లాసుడు జావ గటగటా తాగి, మాత్ర వేసుకుని, మూతి తుడుచుకుని బయటికి వచ్చేదాన్ని. పెళ్లీడు కూతురున్న మనిషిని, నా ఇంట్లో నా తిండి దొంగతనంగా తిన్నాను. ఒకరోజు మా అత్త నైవేద్యానికి బెల్లం కోసం అదే గదిలోకి వచ్చింది. నా మూతికి జావ మీసం ఉంది, చేతిలో గ్లాసుంది. ఆవిడ నన్ను చూసింది, బెల్లం ముక్క కొట్టుకుంది, వెళ్లిపోయింది. సిగ్గుతో ఆ పూటంతా ఆవిడ కంట పడకుండా తిరిగాను. మర్నాడు వంటింట్లో గోడవారగా పీట వేసి ఉంది. "కూకుని తాగు, నిలబడి తాగితే ఒంటికి పట్టదు," అంది.

ఇంకొకరైతే అక్కడితో ఊపిరి పీల్చుకునేవారు. నాకేమో ఇంకా బరువెక్కింది. ఆ పీట మీద కూర్చుంటే దేవుడి గది ఎదురుగా కనబడుతుంది. లోపల ఆవిడ ఖాళీ కడుపుతో పూలు సర్దుతూ ఉంటుంది, ఇక్కడ నేను ఉప్మా తింటూ ఉంటాను. ఆవిడ ఒక్కసారైనా మొహం చిట్లించి ఉంటే పోట్లాడేదాన్ని, నాకా నోరు ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. అందుకే నేను తిన్న ప్రతి ముద్దకీ నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

అయినా తిన్నాను, నడిచాను, పడుకున్నాను. ఏడాది తిరిగేసరికి మనిషినయ్యాను. కూరలో ఉప్పు సరిగ్గా పడింది. మా అమ్మాయితో ఫోనులో తగాదా పెట్టుకునేంత ఓపిక వచ్చింది. అంతలో కిందటేడు కార్తీకం వచ్చింది. బాగానే ఉన్నాను కదా, ఒక్క నెలే కదా అనుకున్నాను. నిజానికి నా లోపలి మాట వేరు. ఏడాది పొడుగునా ఆవిడ ముందర కూర్చుని తిన్న తిండంతా ఈ ఒక్క నెలతో కడిగేసుకోవాలనుకున్నాను. తెల్లారగట్ల చన్నీళ్ల స్నానాలు చేశాను. సోమవారాలు చుక్క కనబడేదాకా ఉపవాసం ఉన్నాను. ఖాళీ కడుపు మీద మాత్ర వేసుకోకూడదు కదా, సోమవారం మాత్ర లేదు. సోమవారం మానేసిన మాత్ర మిగతా రోజుల్లో కూడా గుర్తు రావడం మానేసింది. నడక పోయింది, నిద్ర పోయింది. కార్తీకం వెళ్లిన కొన్నాళ్లకే మళ్లీ మంచం మీదున్నాను.

ఈసారి మరీ లోతుగా పడ్డాను. మా అమ్మాయి పరీక్షలు వదిలేసి వచ్చి నా పక్కన కూర్చుంది. మా ఆయన మిట్టమధ్యాహ్నం గిరాకీని వదిలేసి కొట్టు మూసుకుని వచ్చేవారు. మా అత్త నా తల దువ్వేది, పెరుగన్నం కలిపి నోట్లో పెట్టేది. ఒకరోజు ఆవిడ ముద్ద పెడుతుంటే, నాకు చచ్చిపోవాలని ఉంది అత్తా అన్నాను. ముద్దతో ఆవిడ చెయ్యి అలాగే ఆగిపోయింది. కాసేపటికి నా గడ్డం పట్టుకుని ఆ ముద్ద నోట్లో పెట్టింది. ఆ సంగతి ఆవిడే మా ఆయనకి చెప్పింది, ఆ మర్నాడే నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ ఈసారి మొహమాటం పెట్టుకోలేదు. మళ్లీ ఇలా పడితే లేవడం మరింత కష్టమవుతుందని, ఎవరేమనుకున్నా తిండీ మాత్రా ఒక్క రోజు కూడా తప్పకూడదని చెప్పింది.

మెల్లగా మళ్లీ లేచాను. ఈ ఏడు కార్తీకం దగ్గరపడింది. ఉపవాసాలు ఉండనని అత్తకి ఎలా చెప్పాలా అని మాటలు కూడగట్టుకున్నాను, మింగేశాను, మళ్లీ కూడగట్టుకున్నాను. చివరికి పప్పు ఏరుతూ, తలెత్తకుండా చెప్పేశాను. ఆవిడ "నువ్వు తిను" అంది.

మొదటి సోమవారం ఉల్లిపాయ లేని ఉప్మా చేసుకుని పీట మీద కూర్చున్నాను. దేవుడి గదిలోంచి మారేడు దళాల వాసన, తడి చీరలో మా అత్త. మా పుట్టింట్లో గానీ ఇక్కడ గానీ కార్తీక సోమవారం పొద్దున్నే తిన్న ఆడమనిషిని నేను చూడలేదు. పక్కింటావిడ గుడికి వెళ్తూ గుమ్మంలోంచి పలకరిస్తే, పళ్లెం పీట వెనక దాచాను. ఆవిడ వెళ్లాక పళ్లెం మళ్లీ ముందుకు తీసుకున్నాను. మిగిలింది తినేసి మాత్ర వేసుకున్నాను. మొగుడి క్షేమం కోసం ఒక్క పూట ఆకలికి ఓర్చుకోలేని దాన్నయ్యానని రోజంతా కుమిలిపోయాను. ఓర్చుకుంటే ఏమవుతుందో కిందటేడు ఇంటిల్లిపాదీ చూశారు. అది గుర్తు చేసుకున్నా బరువు తగ్గలేదు.

ఆ మర్నాడు మంగళవారం మా అత్త అన్నం తినలేదు. నిన్నటి ఉపవాసం తర్వాత కడుపు బరువుగా ఉందంది, సరే అనుకున్నాను. రెండో మంగళవారం కూడా అదే మాట అంది. బియ్యం కొలిచేది నేను, గిన్నెలో ఆవిడ వాటా అలాగే మిగిలింది. మజ్జిగైనా తాగమంటే వద్దంది. సాయంత్రం బట్టలు తీద్దామని పెరట్లోకి వెళ్తే ఆవిడ నూతి గట్టు పక్కన నిలబడి, చేత్తో నడుం పట్టుకుని, ఆకాశం కేసి చూస్తోంది. అలా ఎందుకు చూస్తారో నాకు తెలుసు. చుక్క కోసం. ఉపవాసం నిన్ననే కదా అత్తా, ఇవాళ చుక్కతో పనేముంది అని అడిగాను.

దొరికిపోయిన మొహం పెట్టింది. దాచడం ఆవిడకి చేతకాదు.

"సోమారం నాది," అంది. "మంగళారం నీది."

నాకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. నేను ఉండని ఉపవాసాన్ని ఆవిడ నా పేర ఉంటోంది. దేవుడికి చెప్పుకుని మరీ ఉంటోంది. డెబ్బై దాటిన మనిషి, బీపీ మనిషి, నేను మూడు పూటలా సుష్ఠుగా తింటుంటే నా ఆకలి కూడా తనే మోస్తోంది. కాళ్ల మీద పడాల్సింది. నేనేం చేశానంటే కోప్పడ్డాను. అంటే నేను తిన్నది పాపమనే కదా నీ లెక్క, అందుకే కదా కడుగుతున్నావు అని గట్టిగా అనేశాను. ఆవిడ మళ్లీ ఆకాశం కేసి తిరిగింది. చుక్క కనబడింది, లోపలికి వెళ్లి దీపం పెట్టుకుంది.

ఆ రాత్రి నేను తినలేదు. బుధవారం పొద్దున్న లేవలేదు. జావ లేదు, మాత్ర లేదు, నడక లేదు. గోడవైపు తిరిగి పడుకున్నాను. ఏం చేస్తున్నానో నాకు బాగా తెలుసు. ఆవిడ రెండేసి రోజులు పస్తుంటే నేను ఒక్క రోజు ఉండలేనా అని పంతం. ఆ పంతం కింద భయం కూడా ఉంది, ఎందుకంటే పడుకోగానే ఆ పాత బరువు ఒంటి మీదికి రావడం తెలుస్తోంది. నన్ను గుర్తుపట్టి వచ్చినట్టే వచ్చింది.

మా అత్త వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. పూజ మధ్యలో వచ్చినట్టుంది, వేళ్లకి పసుపు ఉంది. నా భుజం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"పాపమని నానెప్పుడన్నాను?" అంది. "నువ్వు తిన్నంతసేపూ దేవుడి గది కేసి సూస్తావు. నాను సూడ్డం నేదనుకున్నావేటి? నీకు మనసు పీకతన్నాది. ఆ పీకుడు మాత్రలకి పోదు. నీ ఉపాసం ఎవలో ఒకలు ఉండీసినారని తెలిస్తే పోతాది. నెల ఎల్లిపోయాక సెబుదామనుకున్నాను, నీ సోమారాలు తీరిపోనాయి, ఇంక నెమ్మదిగా తిను అని."

నా కోసం ఇంత కష్టపడకు అత్తా, నీకేమైనా అయితే నేను బతకలేను అన్నాను. అనగానే నాలిక కరుచుకున్నాను.

"అదిగో, ఆ మాటే," అంది. "కిందటేడు సచ్చిపోతానన్నావు. ఆ మాట ఇన్నకాడ్నించి నాకు ముద్ద దిగతన్నాదేటి? దిగని ముద్ద ఒక రోజు మానీసినాను. లే. నువ్వు తినకపోతే నానున్నది ఉత్తిదే అయిపోతాది."

నేను రోగం నా ఒక్కదాని ఒంట్లో ఉందనుకున్నాను. ఏడ్చింది నేనే కదా, మాత్రలు మింగింది నేనే కదా అనుకున్నాను. పెరుగన్నం ముద్ద తింటూ నేను అనేసిన మాటని ఈ ముసలావిడ ఏడాదిగా కడుపులో పెట్టుకుని తిరుగుతోంది. అన్నందుకు నాకు కలిగిన బాధ ఇంతా అంతా కాదు. లేచి మొహం కడుక్కుని తిన్నాను. ఆలస్యంగానైనా మాత్ర వేసుకున్నాను. ఆవిడ పూజ మళ్లీ మొదలుపెట్టింది.

సంగతి తెలిసి మా ఆయన వాళ్ల అమ్మ మీద ఇంతెత్తున ఎగిరారు. నీ కొట్టు నువ్వు సూసుకోరా అని ఆవిడ ఒక్క మాటతో బయటికి పంపేసింది. నేను డాక్టరమ్మకి ఫోను చేశాను. ఆ వయసులో వరసగా రెండు రోజులు పస్తులు మంచివి కావని, ముఖ్యంగా బీపీ మాత్ర మానకూడదని, మానిపించలేకపోతే పాలూ పళ్లూ అయినా తీసుకునేలా చూడమని చెప్పింది. మీరు మాత్రం తినండి అని నన్ను మళ్లీ హెచ్చరించింది. నేను చాలాసేపు ఆలోచించి మా అత్త దగ్గరికి వెళ్లాను. మంగళవారం ఉపవాసం నాదే అయితే దాని నియమం కూడా నేనే పెడతానన్నాను. పొద్దున్న పాలు తాగాలి, మధ్యాహ్నం అరటిపళ్లు తినాలి, బీపీ మాత్ర రెండు రోజులూ వేసుకోవాలి. పాలు తాగితే ఉపాసమేటి అని గొణిగింది. నా ఉపవాసం ఇంతే అన్నాను. నా మొండితనం చూసి ఆవిడకి నవ్వొచ్చింది, ఒప్పుకుంది.

మూడో మంగళవారం బాగా మంచు పడింది. ఉప్మా చేసి, ఆవిడకి పాలు కాచి ఇచ్చాను. ఆవిడ పూజ కాగానే గ్లాసు తెచ్చుకుని నా ఎదురుగా కింద కూర్చుంది. దేవుడి గది నాకు కనబడకుండా తలుపుకి అడ్డంగా కూర్చుంది. అది కావాలని చేసిందే. పాలు కొంచెం కొంచెం తాగుతూ నా పళ్లెం వైపు చూస్తోంది. ఆవిడకి పాలంటే ఇష్టం లేదు, నియమం పెట్టినప్పుడే నాకు తెలుసు. నేను చెంచా ఎత్తలేకపోయాను. ఎదురుగా ఒక పెద్దావిడ నా పేరున ఆకలితో కూర్చుని ఉంటే తినడం ఎంత కష్టమో నేను చెప్పలేను. అంతకంటే చింతపండు బుట్టల మధ్య నిలబడి తినడమే నయం అనిపించింది.

అయినా ఒక చెంచా తిన్నాను. ఇంకొకటి తిన్నాను. పళ్లెం సగం అయ్యేసరికి ఆవిడ గ్లాసు కింద పెట్టి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, పొయ్యి మీది గిన్నెలోంచి గరిటెడు ఉప్మా తెచ్చింది. వద్దని చెయ్యి అడ్డం పెట్టాను.

"నాను ఇద్దరి ఉపాసం సేస్తన్నాను," అంది చెయ్యి పక్కకి తోస్తూ. "నువ్వు ఇద్దరి తిండి తిను."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గుగా కూడా ఉంది. తప్పు చేస్తున్నాననే అనిపించింది. ఇది రాస్తున్నప్పుడు కూడా అలాగే ఉంది, అది ఇక పోతుందని నేను అనుకోవడం లేదు. ఆవిడ వేసిందంతా తినేసి, ఆవిడ చూస్తుండగా మాత్ర వేసుకున్నాను.